నెలనెలా ఐదో తారీఖు

గోదావరి కాలవ గట్టున ఒక కాలేజీ ఉండేది. అందులో బీఎస్సీ ఆనర్స్ చదివే కుర్రాడొకడు మూడో ఏడాదిలో ఉండగా విషజ్వరం వచ్చి నాలుగు రోజుల్లో పోయాడు. తండ్రి అంతకుముందే లేడు. తల్లి ఒక్కతే మిగిలింది.

ఆ కుర్రాడు ఇల్లు చేరేసరికి రోజూ దీపాలు పెట్టే వేళ దాటిపోయేది. "కాలేజీ నాలుగింటికి వదిలితే ఏడింటిదాకా ఎక్కడ తిరుగుతున్నావురా?" అని తల్లి కేకలేసేది. "ఎక్కడికీ పోలేదమ్మా, కాలేజీలోనే పనుంది" అనేవాడు. ఏం పనో చెప్పేవాడు కాదు. అదేమిటో ఆవిడకి పదకొండో రోజున తెలిసింది. కాలేజీ వాచ్‌మన్ తన కొడుకుని వెంటబెట్టుకొచ్చి, "వీడు టెన్త్ లెక్కల్లో గట్టెక్కాడంటే మీ అబ్బాయి చలవేనమ్మా" అన్నాడు. హాస్టల్లో వంటచేసే ఆవిడ వచ్చి, తన మనవరాలి ఆధార్ కార్డులో పుట్టినతేదీ తప్పు పడితే అది దిద్దించడానికి తిరిగిందంతా ఆ బాబేనని చెప్పి కళ్లొత్తుకుంది. ఫస్టియర్ పిల్లలు నలుగురు వచ్చి గుమ్మం దగ్గరే నిలబడిపోయారు. ఫీజు రీయింబర్స్‌మెంటు దరఖాస్తులు తప్పుల్లేకుండా నింపి పెట్టింది అతనేనట. ఆ తల్లి అందరి మాటా విన్నది. కొడుకు బతికుండగా తను అడిగి తెలుసుకోలేకపోయిన సంగతి, కొడుకు పోయాక ఊరు వచ్చి చెప్పి వెళ్లింది.

ఏడాది తిరిగింది. ఆవిడ తనకున్న తోటలో పాతిక సెంట్లు అమ్మి, పది లక్షల రూపాయలు పట్టుకుని ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లింది.

ప్రిన్సిపాల్ మంచివాడు. ఆవిణ్ణి కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, "గేటు దగ్గర ఆర్చి కట్టించి అబ్బాయి పేరు రాయిద్దామా అమ్మా? లేదంటే ఆడిటోరియంలో స్టేజీ..." అన్నాడు.

"పేరు ఎక్కడ రాసినా నాకు చదువుకోవడానికి తప్ప ఇంకెవరికి పనికొస్తుంది మాస్టారూ? వాడు చేసిన పని ఈ కాలేజీలో సాగుతూ ఉండాలి. అలాంటి పిల్లలకి ఏటేటా ఇవ్వండి" అంది తల్లి.

డబ్బు బ్యాంకులో వేశారు. ఏడు శాతం వడ్డీ లెక్కన ఏడాదికి డెబ్బై వేలు వస్తుంది. యాభై వేలు స్కాలర్‌షిప్పుకి ఇచ్చి, ఇరవై వేలు మళ్లీ అసలులో కలపాలని నిర్ణయించారు. రేపు ధరలు పెరిగినా ఆ సొమ్ము చిక్కిపోకూడదన్నది ఆఫీసు సూపరింటెండెంటు ఆలోచన. ఆ మేరకు ఆయన దూరదృష్టిని మెచ్చుకోవాలి. ఇద్దరు లెక్చరర్లు, సూపరింటెండెంటు, ప్రిన్సిపాల్ కలిసి కమిటీ అయ్యారు. నిబంధనలు రాశారు. ఆనర్స్ విద్యార్థి అయి ఉండాలి, డెబ్బై అయిదు శాతం మార్కులు ఉండాలి, ఆ ఏడాది కాలేజీలో సేవ చేసి ఉండాలి, చేసినట్టు సర్టిఫికెట్లూ ఫొటోలూ జతపరచాలి. ఎంపికైనవారికి కాలేజీ వార్షికోత్సవంలో వేదిక మీద చెక్కు.

దరఖాస్తులు చాలానే వచ్చాయి. అన్నిటిలోకీ లావుపాటి ఫైలు బీకామ్ ఆనర్స్ కుర్రాడిది. వాళ్ల నాన్నకి రైసుమిల్లు ఉంది. అయినా ఆ పిల్లవాడు ఒళ్లు దాచుకునే రకం కాదు. రక్తదాన శిబిరాలు నడిపాడు, వరదల్లో పులిహోర పొట్లాలు కట్టాడు, ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపులో పంచాయతీ చెరువు గట్టు మీద పలుగు పట్టాడు. ఒక్క ఫొటో కూడా అబద్ధం కాదు. కమిటీ ఏకగ్రీవంగా అతని పేరు రాసింది. తల్లి సంతకం ఒక్కటే మిగిలింది.

"సంతకం పెడతాను. ముందు నాలుగు రోజులు కాలేజీలో కూర్చుని పిల్లల్ని చూస్తాను మాస్టారూ" అంది ఆవిడ.

మర్నాటి నుంచి ఆవిడ టిఫిన్ క్యారేజీ పట్టుకుని వచ్చి లైబ్రరీ వరండాలో, మంచినీళ్ల కుళాయి ఎదురుగా కూర్చునేది. నీళ్లు తాగడానికి వచ్చే ప్రతివాళ్లనీ పలకరించేది. ఊడ్చే ఆయాని, లైబ్రరీ అటెండరుని, హాస్టలు వంటామెని ఒకటే మాట అడిగేది: "ఇక్కడ పిల్లల్లో నీకు ఎవరు పనికొచ్చారు?" అలా అడిగేవాళ్లు అదివరకు ఎవరూ లేరు గనక, వాళ్లు కాస్త ఆలోచించి గాని జవాబు చెప్పేవారు కాదు.

మూడోనాడు ఆ రైసుమిల్లు వారి అబ్బాయి నీళ్లకి వచ్చాడు. ఆవిడ పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఈ పనులన్నీ నీకు ఎవరు నేర్పారు నాయనా?"

అతను తడుముకోకుండా చెప్పాడు. "ఎకనామిక్స్ ఆనర్స్‌లో ఒకమ్మాయి ఉందండీ. ఫస్టియర్లో మేమంతా రక్తదానం అంటే బ్యానరు కట్టడం అనుకునేవాళ్లం. ఆ అమ్మాయి క్లాసు క్లాసుకీ తిరిగి, ఎవరిది ఏ గ్రూపో, రాత్రిపూట ఫోను చేస్తే ఎవరు వస్తారో పుస్తకంలో రాసింది. ఆసుపత్రి నుంచి ఫోనొస్తే ఇప్పటికీ మేము తీసేది ఆ పుస్తకమేనండీ."

"మరి ఆ అమ్మాయి దరఖాస్తు కనపడలేదే?"

"ఈ ఏడాది ఆ అమ్మాయి దేనికీ రావడం లేదండీ. నాలుగింటికి బెల్లు కొట్టగానే వెళ్లిపోతోంది." కాసేపాగి, "లోపల మావాడొకడున్నాడు, చూపు లేదు. వాణ్ణి అడగండి, వాడికి బాగా తెలుసు" అన్నాడు.

లైబ్రరీ లోపల, కిటికీ పక్క బల్ల దగ్గర ఆ కుర్రాడు కూర్చుని ఉన్నాడు. చెవిలో ఇయర్‌ఫోను, ఒళ్లో అట్టముక్కల కట్ట. తల్లి తానెవరో చెప్పుకుని ఎదురుగా కూర్చుంది. అతను కట్టలోంచి ఒక అట్ట తీసి ఆవిడ చేతికిచ్చాడు. "కళ్లు మూసుకుని తడమండమ్మా" అన్నాడు.

పాత క్యాలెండరు అట్ట అది. దానిమీద పురికొస ముక్కలు రెండు జిగురుతో అంటించి ఉన్నాయి. ఒకటి ఎడమవైపు పైనుంచి కుడివైపు కిందికి దిగుతోంది. ఒకటి కిందినుంచి పైకి ఎక్కుతోంది. రెండూ కలిసేచోట వేలికి గరుగ్గా ఏదో తగిలింది. పెసరగింజ.

"దిగేది డిమాండు, ఎక్కేది సప్లయి. గింజ ఉన్నచోట ధర నిలబడుతుంది. ఈ బొమ్మలు క్లాసులో బోర్డు మీద వేస్తారు. అందరూ చూస్తారు, నేను వింటాను. ఎన్నిసార్లు విన్నా నాకు తలకెక్కలేదండీ. ఆ అమ్మాయి పోయినేడు సాయంత్రాలు కూర్చుని సిలబస్‌లో ఉన్న బొమ్మలన్నీ ఇలా చేసిచ్చింది. పుస్తకం పైకి చదివి ఫోనులో రికార్డు చేసేది. తను చదువుకునేది ఎలాగూ చదువుకోవాలి, పైకి చదివితే ఇద్దరికీ వస్తుంది అనేది."

"ఈ ఏడాది బొమ్మలేవి?"

"లేవండీ."

"అడగలేదా బాబూ?"

"ఎలా అడుగుతానండీ? వాళ్ల నాన్న తాపీ పనిలో సారువ మీంచి పడి మంచాన ఉన్నాడు. అడిగితే కాదనలేక రాత్రి నిద్ర మానుకుని చేస్తుంది."

ఆ సాయంత్రం తల్లి బస్టాండు ఎదురుగా ఉన్న జిరాక్సు షాపుకి వెళ్లింది. ఆ పిల్ల మెషీను ముందు నిలబడి ఉంది. వెచ్చగా వచ్చే కాగితాలు అందుకుని, బల్లమీద రెండుసార్లు తట్టి అంచులు సమం చేసి, పిన్ను కొట్టి ఇస్తోంది. మెషీను తిరుగుతున్నంతసేపూ, పక్కన తెరిచిపెట్టుకున్న నోట్సు మీద చూపు ఉంది. రద్దీ తగ్గాక తల్లి మాట కలిపింది. స్కాలర్‌షిప్పుకి ఎందుకు రాయలేదని అడిగింది.

"ఈ ఏడాది నేనేమీ చెయ్యలేదండీ. చెయ్యని సేవ చేశానని ఎలా రాస్తాను?" అంది ఆ పిల్ల.

"నాలుగో ఏడాది ఉంటావు కదమ్మా? అప్పుడు చేద్దువుగాని."

"ఉండనండీ. మూడేళ్లకీ డిగ్రీ పట్టా ఇస్తారు కదా, తీసుకుని ఆపేస్తాను. మార్కులైతే ఉన్నాయి. ఇంకో ఏడాదంటే మా ఇంట్లో జరగదు."

"ఇక్కడ నీకెంతిస్తారు తల్లీ?"

"అయిదు వేలండీ. నాలుగుంపావు నుంచి తొమ్మిదింపావు దాకా."

తల్లి ఇంకేమీ అడగలేదు. మర్నాడు కమిటీ ముందు కూర్చుంది.

"ఈ డబ్బు ఆ అమ్మాయికివ్వండి" అంది.

సూపరింటెండెంటు నొచ్చుకున్నాడు. "అమ్మా, ఆ అమ్మాయి దరఖాస్తే పెట్టలేదు. ఈ ఏడాది ఒక్క గంట సేవ కూడా లేదు. పనిచేసిన కుర్రాణ్ణి వదిలేసి, మానేసిన అమ్మాయికి ఇస్తే రేపు నలుగురూ అడగరా?"

"అడగనివ్వండి, నేనే చెబుతాను. చేస్తున్నవాళ్లని మెచ్చుకుందాం మాస్టారూ, ఆ మెప్పు వాళ్లకి న్యాయంగా రావాలి. డబ్బు మాత్రం చేతులు కట్టుబడిపోయిన వాళ్లకివ్వాలి." ఆవిడ గొంతు వణికింది గాని మాట తడబడలేదు. "మా వాడు నాలుగు నుంచి ఏడు దాకా ఈ కాలేజీలో ఎలా ఉండగలిగాడో నాకు ఈ నాలుగు రోజుల్లో అర్థమైంది. ఇంట్లో నేను వండిపెట్టేదాన్ని. దింపు తీసినప్పుడల్లా కొబ్బరికాయల డబ్బు వచ్చేది. వాడు ఏ షాపులోనూ నిలబడక్కర్లేకపోయింది. వాడి మంచితనం వాడిదే, కాదనను. కానీ ఆ మూడు గంటలూ వాడికిచ్చింది తోట. ఆ తోటలోనే పాతిక సెంట్లు అమ్మి మీకు తెచ్చిచ్చాను. ఇప్పుడది ఇంకో బిడ్డకి మూడు గంటలు ఇవ్వాలి."

కమిటీలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ప్రిన్సిపాల్ నిబంధనల కాగితం తీసి, "ఆ ఏడాది సేవ చేసి ఉండాలి" అన్న వాక్యం కొట్టేశాడు. వేదిక మీద చెక్కు అన్నది కూడా కొట్టేశాడు. చదువు సాగే పది నెలలూ, నెలకి అయిదు వేల చొప్పున, ప్రతి నెలా అయిదో తారీఖున విద్యార్థి బ్యాంకు ఖాతాలో పడాలని రాశాడు. మెస్ బిల్లూ ఇంటద్దే కట్టాల్సింది ఆ తారీఖుల్లోనే అని గుర్తుచేసింది సూపరింటెండెంటే.

ఒక లెక్చరరు, ఆ అమ్మాయి రోజుకి ఎన్ని గంటలు సేవ చేసిందో రిజిస్టరులో సంతకం తీసుకుందామన్నాడు. తల్లి ఒప్పుకోలేదు. "గంటలు లెక్కపెడితే అది ఇంకో జిరాక్సు షాపవుతుంది" అంది.

ఆ పిల్ల షాపు మానేసింది. మొదటి పదిహేను రోజులూ నాలుగింటికి ఇంటికి వెళ్లి నిద్రపోయింది. పొద్దున్నే నాన్న పనులు, పగలు కాలేజీ, రాత్రి తొమ్మిదింపావు దాకా షాపు, ఆ పైన చదువు. ఏడాది అలసట అది. కమిటీలో గుసగుసలు మొదలయ్యాయి. ప్రిన్సిపాల్ ఎవరినీ వెళ్లి అడగనివ్వలేదు. రెండో నెలలో ఒక సాయంత్రం ఆ చూపులేని కుర్రాడి బల్లమీద కొత్త అట్ట కనిపించింది. ఈసారి పురికొసతో పాటు కొబ్బరి ఈనె కూడా వాడింది, గీత నిటారుగా రావాలని. ఆ అమ్మాయి నాలుగో ఏడాది కూడా చదివింది. వెళ్లేముందు అట్టలన్నిటికీ అంకెలు వేసి, ఏది ఏ పాఠానిదో రికార్డు చేసి, లైబ్రరీకి అప్పగించింది.

రైసుమిల్లు వారి అబ్బాయికి వార్షికోత్సవంలో సన్మానం చేశారు, చేసిన పనులన్నీ మైకులో చదివారు. అయినా కొన్నాళ్లు ముఖం చిన్నబుచ్చుకునే తిరిగాడు. అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు, కష్టపడ్డవాడు ఆశపడతాడు. తర్వాతి ఏడు కమిటీ ఎవరికివ్వాలా అని వెతుకుతుంటే, చేస్తూ చేస్తూ ఆగిపోయిన ఇద్దరి పేర్లు చెప్పింది అతనే.

నీతి: సేవ చెయ్యాలన్న మనసు చాలామందికి ఉంటుంది. తీరిక కొద్దిమందికే ఉంటుంది. పోయినవారి పేరు మీద ఏదైనా ఇవ్వదలిస్తే తీరిక ఇవ్వాలి.

ఈ కథ నేను కల్పించిందే. కథలోని లెక్క మాత్రం కల్పన కాదు, మన కాలేజీల్లో ప్రతి సాయంత్రం జరిగేదే. మన దేశంలో విద్యార్థి సేవకు ఉన్న పెద్ద వేదికల్లో ఒకటి జాతీయ సేవా పథకం, మనమంతా ఎన్‌ఎస్‌ఎస్ అనేది. గాంధీ శతజయంతి సంవత్సరంలో, 1969 సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేల మంది విద్యార్థులతో అది మొదలైంది. "నేను కాదు, నువ్వు" అన్నది దాని ఆదర్శం. అందులో చేరిన వలంటీరు ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటలు సేవ చెయ్యాలి. గొప్ప పథకం. ఎందరో పల్లెటూరి పిల్లలు మొదటిసారి పదిమంది ముందు నోరు విప్పింది ఆ క్యాంపుల్లోనే. కానీ ఆ 120 గంటలని కథలోని అమ్మాయి జీతంతో కట్టి చూడండి. రోజుకి అయిదు గంటలు, నెలకి పాతిక రోజులు పనిచేస్తే 125 గంటలకి అయిదు వేలు, అంటే గంటకి నలభై రూపాయలు. 120 గంటలు సేవకి పెట్టాలంటే ఆ పిల్ల 4,800 రూపాయలు, ఇంచుమించు ఒక నెల జీతం, వదులుకోవాలి. రైసుమిల్లు వారి అబ్బాయి వదులుకునేది అంతకంటే చాలా తక్కువ. ఇద్దరి గంటలూ ఒకే కాగితం మీద ఒకే అంకెగా కనిపిస్తాయి. ఎంపిక చేసేవాళ్లు ఆ అంకె దగ్గరే ఆగిపోతే, సేవకిచ్చే సొమ్ము ఏటేటా ఉన్నవాళ్ల ఇంటికే నడిచి వెళుతుంది. ఎవరూ మోసం చెయ్యకుండానే ఈ అన్యాయం జరుగుతుంది. నన్ను బాధపెట్టేది అదే.

ఆనర్స్ సంగతి ఇంకా కష్టం. 2020 జాతీయ విద్యావిధానం నాలుగేళ్ల డిగ్రీని తెచ్చింది. మూడేళ్లకి ఆపితే మామూలు డిగ్రీ, నాలుగో ఏడాదీ చదివితే ఆనర్స్. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం, ఆపైన తెచ్చుకున్నవారు నాలుగో ఏడాది పరిశోధన బాట పట్టవచ్చని యూజీసీ చెప్పింది. చదువు రీత్యా ఇది మంచి ఏర్పాటు. ఇంటి ఖర్చు రీత్యా చూస్తే, మూడో ఏడాది చివర ప్రతి పేదింట్లోనూ ఒక ప్రశ్న లేస్తుంది: పట్టా వచ్చేసింది కదా, ఇంకో ఏడాది ఎందుకు? మార్కులున్నా ఆ గుమ్మం దగ్గరే వెనుదిరిగే పిల్లలు ఉంటారు. ఫీజు సంగతి ఎలాగో గట్టెక్కినా, బస్సు పాసు, మెస్ బిల్లు, ఇంటద్దె, నాన్న మందులు ఎవరూ తిరిగివ్వరు. ఆనర్స్ పిల్లలకి స్మారక స్కాలర్‌షిప్ పెట్టేవాళ్లు ఆ గుమ్మం మీదే దీపం పెట్టాలి. నాలుగో ఏడాది పూర్తి చేసినవారికి పతకం ఇవ్వడం కంటే, మూడో ఏడాది ఆఖరున "వచ్చే ఏడు నీ ఖర్చు మాది" అని చెప్పడం ఎన్నో రెట్లు మేలు.

మన తెలుగునాట ఈ తెలివి కొత్తదేమీ కాదు. వారాలు చేసుకుని చదువుకున్నారని మన తాతల తరం గురించి వింటూ ఉంటాం. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో భోజనం. అన్నం పెట్టిన ఇల్లాలు ఆ కుర్రాడికి ఎన్ని మార్కులొచ్చాయో అడిగి వడ్డించలేదు. ఏ రోజు ఎవరింట్లో తినాలో ముందే తెలుసు గనక, తిండి వెతుక్కునే శ్రమ తప్పి, ఆ పొద్దు చదువుకి మిగిలేది. అందులో కులం గీతలు బలంగా ఉండేవి, ఆ మర్యాద అందరు పిల్లలకీ దక్కలేదు, అది దాచకూడదు. ఆ గీతలు చెరిపే ప్రయత్నం చేసిన పెద్దలూ మనకున్నారు. కాకినాడ పిఠాపురం రాజా కాలేజీ ప్రిన్సిపాల్‌గా పనిచేసిన రఘుపతి వెంకటరత్నం నాయుడు (1862–1939) తన జీతంలో పెద్ద భాగం పేద విద్యార్థుల మీదే ఖర్చుపెట్టారు. అనాథ పిల్లల్ని చేరదీశారు. తర్వాత మద్రాసు విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్ అయ్యారు. 

దూరదేశంలోనూ ఇలాంటి ఆలోచన చేసినవాళ్లున్నారు. అమెరికా అధ్యక్షుడు హ్యారీ ట్రూమన్‌కి కాలేజీ డిగ్రీ లేదు. ఆయన చివరి రోజుల్లో అభిమానులు స్మారకం కడతామని వస్తే, ఇటుకలూ సిమెంటూ వద్దు, ప్రజాసేవలోకి వచ్చే చదువరులకి సాయపడేది ఏదైనా చెయ్యండని ప్రోత్సహించాడట. ఆయన 1972లో పోయాక, 1975లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి ట్రూమన్ స్కాలర్‌షిప్ పెట్టింది. కాలేజీ మూడో ఏడాదిలో ఉండి ప్రజాసేవ వైపు మొగ్గినవాళ్లని ఎంచి, వాళ్ల పైచదువుకి డబ్బిస్తుంది. అక్కడా చూసేది ముందుకే. ఇంతవరకు చేసిన సేవ, ఇకముందు చెయ్యబోయేదానికి ఆనవాలు మాత్రమే.

మన స్మారకాల్లో చాలామటుకు వెనక్కి చూసేవే. విశ్వవిద్యాలయాల స్నాతకోత్సవాల్లో ఎందరో తల్లిదండ్రులు, పిల్లలు తమవారి పేరిట పెట్టిన బంగారు పతకాలు ఇస్తారు. ఆ ప్రేమకి నేను నమస్కరిస్తాను. కానీ ఎప్పుడో వెయ్యి రూపాయలు డిపాజిట్ చేసి పెట్టిన పతకానికి, పది శాతం వడ్డీ వచ్చినా ఏడాదికి వంద రూపాయలు. వంద రూపాయలకి ఇవాళ బంగారు పూత కూడా రాదు. వడ్డీ అంతా ఖర్చుపెట్టేస్తే ఏ నిధి అయినా చివరికి ఇలాగే మిగులుతుంది. కథలో సూపరింటెండెంటు ఏటా ఇరవై వేలు అసలులో కలపమన్నది ఇందుకే.

ఇది చదువుతున్నవారిలో ఎవరైనా పోయిన అమ్మానాన్నల పేరిటో, చిన్నవయసులో వెళ్లిపోయిన బిడ్డ పేరిటో చదువుకున్న కాలేజీకి ఏదైనా చెయ్యాలని అనుకుంటూ ఉండవచ్చు. అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో, హైదరాబాదులోనో స్థిరపడి, ఊళ్లోని పాత కాలేజీని తలుచుకునే పూర్వవిద్యార్థులూ ఉంటారు. వారికి నా విన్నపం ఇది. సొమ్ము చిన్నదైనా ఫరవాలేదు, నెలనెలా ఇచ్చేలా రాయించండి. వడ్డీలో కొంత అసలుకి చేర్చమని ఒప్పందంలోనే పెట్టించండి. ఫొటోలు అడగవద్దు. దరఖాస్తు పెట్టనివాళ్ల పేర్లు కూడా కమిటీ ముందుకి వచ్చేలా, అటెండర్నీ ఆయానీ హాస్టలు వంటామెనీ చూపులేని విద్యార్థినీ అడగాలని ఒక వాక్యం చేర్పించండి. పోయినేడు పనిచేసి ఈ ఏడు కనిపించకుండా పోయినవాళ్లు ఎవరని తప్పకుండా అడిగించండి. ఎంపికైన బిడ్డని వేదికనెక్కించి పేదరికం చెప్పించవద్దు. డబ్బు పడిన మొదటి నెలలో ఆ బిడ్డ నిద్రపోతే నిద్రపోనివ్వండి.

వచ్చే జూన్‌లో కొత్త విద్యాసంవత్సరం మొదలయ్యేలోగా మీ కాలేజీ ప్రిన్సిపాల్‌కి ఒక ఉత్తరం రాయండి.